హైదరాబాద్ జట్టు చాంపియన్ అయింది.. మన ఇళ్లలో ఎంతమంది చూశారు?

2022 డిసెంబర్ 6, రాత్రి ఎనిమిదిన్నర. ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్. మొరాకో, స్పెయిన్ తలపడ్డాయి. 120 నిమిషాలు ఆడినా గోల్ లేదు. చివరికి పెనాల్టీల్లో మొరాకో గెలిచింది. ఆ మ్యాచ్ చూడాలంటే జూలూరుపాడులో ఎవరికైనా కావలసింది ఒక ఫోను, ఆ రోజుకు మిగిలిన కాస్త డేటా. అంతే. జియో సినిమా యాప్‌లో ప్రపంచ కప్ మొత్తం ఉచితం. సిమ్ ఏ కంపెనీది అని కూడా అడగలేదు. నాలుగు రోజుల తర్వాత మొరాకో పోర్చుగల్‌నూ ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఒక అరబ్ దేశం, ఒక ఆఫ్రికా దేశం అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. హకీమీ, బోనో పేర్లు మన ఇళ్లలో చిన్న పిల్లల నోటికి కూడా వచ్చాయి.

అదే డిసెంబర్‌లో మన హైదరాబాద్ జట్టు కూడా ఆడుతోంది. అప్పటికి అది ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చాంపియన్. ఆ సీజన్ పట్టికలో రెండో స్థానంలో నిలిచిన జట్టు. కానీ ఆ మ్యాచ్‌లు చూడాలంటే చందా కట్టిన యాప్ గానీ, డబ్బు కట్టిన స్పోర్ట్స్ చానల్ గానీ ఉండాలి. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మొరాకో మన పిల్లలకు దగ్గరైంది. 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న గచ్చిబౌలి దూరమైపోయింది.

ఈ తేడాను ఇంగ్లిష్ వాళ్లు ‘పేవాల్’ అంటారు. అర్థం కష్టమేమీ కాదు. ఆట లోపల ఉంటుంది, మీరు బయట ఉంటారు, మధ్యలో గోడ. డబ్బు కడితేనే తలుపు తెరుస్తారు. సినిమా టికెట్ కూడా అంతే కదా అనిపించవచ్చు. ఒక తేడా ఉంది. సినిమాకు పోస్టర్ ఉంటుంది, పాట ఉంటుంది, హీరో ముందే తెలుసు. కొత్తగా పుట్టిన ఫుట్‌బాల్ లీగ్‌కు అవేవీ ఉండవు. దానికి మ్యాచే పోస్టర్. ఆ పోస్టర్‌ను తీసి గోడ లోపల అంటిస్తే బయటివాడికి అక్కడ ఒక ఆట జరుగుతోందని కూడా తెలియదు.

149 రూపాయల లెక్క

2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. అప్పుడు పెట్టిన అన్నిటికంటే చవక ప్లాన్ మూడు నెలలకు 149 రూపాయలు, ఏడాదికి 499. ఒక్క మొబైల్‌లోనే నడుస్తుంది, మధ్యలో ప్రకటనలు వస్తాయి. ఇంట్లో అందరూ కూర్చుని టీవీలో చూడాలంటే దాని పైప్లాన్, అప్పట్లో మూడు నెలలకు 299.

‘149 కూడా పెట్టలేరా’ అని నగరంలో కూర్చున్నవాళ్లు తేలిగ్గా అంటారు. అసలు ఇబ్బంది 149లో లేదు. ఆ 149 ఎవరు కట్టాలి అన్నదానిలో ఉంది. ఫుట్‌బాల్ పిచ్చి పట్టే వయసు పది నుంచి పద్నాలుగు. ఆ వయసు పిల్లవాడికి యూపీఐ ఉండదు. ఫోను అబ్బా దగ్గరో, అన్న దగ్గరో ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లోనో, మిర్చి కోత రోజుల్లోనో ఇంటికి అలసి వచ్చిన తండ్రి దగ్గరికి వెళ్లి, తాను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడని ఆట కోసం డబ్బు కట్టమని ఏ పిల్లవాడూ అడగడు. క్రికెట్ అయితే అడుగుతాడు. ఎందుకంటే తండ్రికి కూడా క్రికెట్ కావాలి.

పైగా ఒక్క చందాతో పని తీరదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జియో హాట్‌స్టార్‌లో. యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ సోనీ లివ్‌లో. ఇంకో దేశం లీగ్ కావాలంటే ఇంకో యాప్, దానికి ఇంకో పాస్. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్లాన్ ఉన్న ఇంట్లో హెచ్‌డీలో ఒక మ్యాచ్ పెడితే ఆ రోజు డేటా అక్కడితో సరి. రాత్రికి చెల్లెలు ఆన్‌లైన్ క్లాస్ వీడియో చూడాలంటే ఉండదు. చందాకు పైన ఈ ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు.

టీవీ వైపు చూసినా అంతే. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. నెట్‌వర్క్ రుసుము అప్పట్లో 130 రూపాయలు, దానిపై పన్ను, ఆ పైన పే చానల్ ఒక్కొక్కదానికి విడిగా ధర. పెద్ద స్పోర్ట్స్ చానల్ ధర అప్పుడు నెలకు 19 రూపాయలు. ఖర్చు తగ్గించాలనుకున్న ఇంట్లో మొదట కోత పడేది ఎక్కడో చెప్పనక్కర్లేదు. సీరియల్ చానల్ తీస్తే ఇంట్లో గొడవ అవుతుంది, స్పోర్ట్స్ చానల్ తీస్తే ఐపీఎల్ వచ్చేదాకా ఎవరూ అడగరు.

స్టేడియం ఖాళీ, టీవీకి తాళం

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ మరీ విచిత్రం. 2019 ఆగస్టులో పుట్టింది. పుణె జట్టు స్థానంలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీన్ని పెట్టారు. ఇంటి మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. కొత్త ఊరు, కొత్త జట్టు, ఓటములు. అయినా జనం రావడం మొదలైంది. అంతలో కోవిడ్ వచ్చింది.

2020-21, 2021-22 రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే, ఖాళీ స్టేడియంలలో జరిగాయి. సరిగ్గా ఆ రెండేళ్లలోనే హైదరాబాద్ జట్టు బాగుపడింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో కుర్రవాళ్లు ఎదిగారు. నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచే ఒకే సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో స్కోరు 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1తో హైదరాబాద్ చాంపియన్.

ఆ ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. స్టాండ్లు కేరళ పసుపు రంగుతో నిండిపోయాయి. చాంపియన్ అయిన జట్టు సొంత ఊళ్లో ఆ రెండేళ్లలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అంటే తెలంగాణ అభిమానికి ఆ జట్టును చూసే దారి స్క్రీన్ ఒక్కటే. ఆ స్క్రీన్ మీద చందా కట్టే యాప్, లేదా పే చానల్. జియో సిమ్ ఉన్నవాళ్లకు జియో టీవీ యాప్‌లో ఒక కిటికీ ఉండేది, అది కూడా తెలిసి వెతుక్కున్నవాళ్లకే.

ఇక్కడే కేరళతో తేడా చూడాలి. అదే లీగ్, అదే చందా, అదే కోవిడ్. అక్కడ మాత్రం అభిమానం తగ్గలేదు. మలప్పురంలో సెవెన్స్ ఫుట్‌బాల్ ఊరూరా ఆడతారు, మలయాళం చానల్‌లో మలయాళం మాటలతో మ్యాచ్ వచ్చేది, ఇంట్లో తాత కూడా చూసేవాడు. కోల్‌కతాలో నూరేళ్లు దాటిన క్లబ్బులు ఉన్నాయి. ఇలాంటి చోట గోడ కట్టినా జనం ఎక్కి దూకుతారు. ముందే ఆకలి ఉన్నవాడికి హోటల్ బోర్డు చిన్నదైనా పర్వాలేదు.

మనకు ఆకలి లేదా? ఒకప్పుడు ఉండేది, దండిగా. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తయారు చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ భారత జట్టుకు కోచ్‌గా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోదే. బలరాం, యూసుఫ్ ఖాన్, తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్.. అందరూ ఈ గడ్డ మీద పుట్టినవాళ్లే. 1977లో కోల్‌కతాకు పెలే వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఆయనతో తలపడిన హబీబ్ మన హైదరాబాదీ. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా రహీం సాబ్ పేరు మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ సినిమా కూడా చాలా ఇళ్లలో చందా యాప్‌లోనే చూశారనుకోండి, అది వేరే సంగతి.

ఆ పాత ఆకలి రెండు తరాల మధ్యలో ఆరిపోయింది. దాన్ని మళ్లీ పుట్టించాల్సిన లీగ్ వచ్చేసరికి, ఊరికే చానల్ తిప్పుతూ ఆగిపోయే ప్రేక్షకుడు దొరకలేదు. ఐఎస్ఎల్ మొదలైన 2014లో పరిస్థితి ఇలా లేదు. అప్పుడు స్టార్ గ్రూపు తన చానళ్లు అనేకం తెరిచి మ్యాచ్‌లు గుప్పించింది. తొలి సీజన్‌ను 42 కోట్ల మందికి పైగా చూశారని ప్రకటించుకుంది. ఆ అంకెలో ఒక్క నిమిషం చూసినవాళ్లూ కలిసి ఉంటారు, నిజమే. కానీ అభిమాని అయ్యేవాడు కూడా మొదట ఒక్క నిమిషమే చూస్తాడు.

డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది

ప్రసార సంస్థ గోడ ఎందుకు కడుతుంది? దురాశ అని కొట్టిపారేయడం సులువు. లెక్క చూస్తే అంత సులువు కాదు. ఐపీఎల్ 2023-27 డిజిటల్ హక్కులకు వయాకామ్ 18 పెట్టింది 23,758 కోట్లు. మొదటి ఏడాది ఉచితంగా చూపించింది. ఆ ఏడాది ఫైనల్‌కు ఒకే సమయంలో 3.2 కోట్ల మంది చూశారు. పోటీగా హాట్‌స్టార్ 2023 క్రికెట్ ప్రపంచ కప్‌ను మొబైల్‌లో ఉచితం చేసింది, ఫైనల్‌కు 5.9 కోట్ల మంది వచ్చారు. జనం వచ్చారు, ప్రకటనలు వచ్చాయి, కానీ పెట్టినంత రాలేదు. ఇద్దరికీ రక్తం కారింది. 2024 నవంబర్‌లో ఇద్దరూ కలిసిపోయారు. పోటీ పోయాక ముఫ్త్ ఎందుకు ఇస్తారు? మూడు నెలలకే చందా వచ్చింది.

2023-24 నుంచి ఐఎస్ఎల్ కూడా వయాకామ్ చేతిలోకి వెళ్లి జియో సినిమాలో ఉచితంగానే వచ్చింది. కానీ అప్పటికి హైదరాబాద్ జట్టు కుప్పకూలుతోంది. జీతాలు అందలేదు, ఆటగాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. తలుపు తెరిచినప్పుడు లోపల చూడటానికి ఏమీ లేదు. చూడాల్సింది ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది.

క్లబ్బుకు వచ్చే డబ్బులో టికెట్లు కొంత, స్పాన్సర్లు కొంత, లీగ్ వాటా కొంత. జెర్సీ మీద పేరు వేయించుకునే కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతమంది చూస్తారు’ అని. గోడ లోపల ఉన్న ప్రేక్షకులు తక్కువ. కాబట్టి స్పాన్సర్ తక్కువ ఇస్తాడు. డబ్బు తక్కువైతే మంచి ఆటగాడు రాడు. మంచి ఆటగాడు లేని జట్టు కోసం చందా ఎవరు కడతారు? చందా డబ్బు ప్రసార సంస్థకు పోతుంది, ప్రేక్షకుడు తగ్గిన నష్టం క్లబ్బు మీద పడుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో ఒకరి ఆదాయం, ఇంకొకరి ఖర్చు.

హైదరాబాద్ ఎఫ్‌సీ మునిగింది పేవాల్ వల్లే అనడం మాత్రం తప్పు. నిర్వహణ లోపాలు అంతకంటే పెద్దవి. కానీ ఊరంతా చూసే జట్టయి ఉంటే, అది మునుగుతున్నప్పుడు ఊరు అరిచేది.

క్రికెట్ కూడా తిన్న దెబ్బ

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండ్‌లో 2005 యాషెస్ సిరీస్ ఛానల్ 4లో ఉచితంగా వచ్చింది. ఒక దశలో 84 లక్షల మంది చూశారు. ఆ సిరీస్ అయిపోగానే క్రికెట్ మొత్తం స్కై అనే చందా చానల్‌కు వెళ్లింది. 2009లో ఇంగ్లండ్ మళ్లీ యాషెస్ గెలిచింది. ఈసారి అత్యధికంగా చూసినవాళ్లు 19 లక్షలు. బోర్డుకు డబ్బు మాత్రం బాగా వచ్చింది. పద్నాలుగేళ్ల తర్వాత, 2019 ప్రపంచ కప్ ఫైనల్‌కు ఇంగ్లండ్ చేరితే స్కై ఆ ఒక్క మ్యాచ్‌ను ఛానల్ 4తో పంచుకుంది. ఒక తరం పిల్లలు క్రికెట్ చూడకుండానే పెద్దవాళ్లయ్యారని అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ 2023లో పదేళ్లకు 250 కోట్ల డాలర్ల ఒప్పందంతో మొత్తం లీగ్‌ను ఆపిల్‌కు ఇచ్చింది. నెలకు దాదాపు 15 డాలర్లు, అదీ ఆపిల్ మామూలు చందాలో కలపకుండా విడిగా. అదే ఏడాది మెస్సీ వచ్చాడు కాబట్టి చందాలు పెరిగాయి. కానీ అంతకుముందు ఊరి జట్టు మ్యాచ్‌ను ఊరి చానల్‌లో చూసే అలవాటు పోయింది. 2026 నుంచి ఆ విడి చందా తీసేసి, మామూలు ఆపిల్ టీవీ చందాలోనే మ్యాచ్‌లు కలిపేస్తున్నారు. గోడ మీద గోడ ఎక్కువైందని వాళ్లకే అర్థమైంది.

ఫ్రాన్స్ లీగ్‌ది ఇంకా గుణపాఠం. 2024లో డాజన్ అనే యాప్ నెలకు దాదాపు 30 యూరోలు అడిగింది. జనం కట్టలేదు, దొంగ లింకులు వెతుక్కున్నారు. ఏడాదికే ఒప్పందం చెడింది. 2025 ఆగస్టులో లీగ్ తానే సొంత యాప్ పెట్టి ధర సగానికి, అంటే 15 యూరోలకు, తెచ్చింది. పది లక్షల మందికి పైగా చేరారు.

దొంగ లింకుల మాట వచ్చింది కాబట్టి తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పాలి. గోడ కట్టినచోట పిల్లలు పక్క సందు వెతుకుతారు. టెలిగ్రామ్‌లో, తెలియని వెబ్‌సైట్లలో మ్యాచ్ ముఫ్త్‌గా వస్తుంది. ఆ పేజీల మీద చుట్టూ కనిపించేవి ఎక్కువగా బెట్టింగ్ ప్రకటనలు. తెలంగాణలో ఆన్‌లైన్ జూదం మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. జూదం మన దీన్‌లో హరామ్ అని ఇంట్లో చెప్పి పెంచిన పిల్లవాడు ఒక కార్నర్ కిక్ చూడబోయి ఆ ప్రకటన మీద వేలు పెట్టే ప్రమాదం నిజమైనది. 149 మిగిలింది కదా అనుకునే ముందు పిల్లవాడి ఫోన్ ఒకసారి చూడటం మంచిది.

చట్టంలో ఒక సందు

మన దేశంలో 2007 నాటి చట్టం ఒకటి ఉంది. జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రీడలను ఏ ప్రైవేటు చానల్ కొన్నా, ఆ సిగ్నల్‌ను దూరదర్శన్‌తో పంచుకోవాలి. భారత్ ఆడే క్రికెట్ వన్డేలు డీడీలో రావడానికి కారణం ఇదే. కాకపోతే 2017లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఇలా పంచుకున్న మ్యాచ్‌లు డీడీ సొంత యాంటెన్నా ప్రసారంలో, డీడీ ఫ్రీ డిష్‌లో మాత్రమే రావాలి. కేబుల్ ద్వారా వచ్చే డీడీలో రాకూడదు. అందుకే పక్కింటి ఫ్రీ డిష్‌లో మ్యాచ్ వస్తుంటే మన కేబుల్‌లో అదే డీడీ వేరే కార్యక్రమం చూపిస్తుంది. కేబుల్ ఆయనను తిట్టి లాభం లేదు.

ఫ్రీ డిష్ దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్లలో ఉంది. ఒకసారి డిష్, బాక్సు కొంటే నెలనెలా కట్టేది లేదు. అడవి అంచున ఉన్న తండాలకు, గూడేలకు చందా టీవీ కంటే ఇదే నప్పుతుంది. ఐఎస్ఎల్ మాత్రం ఆ జాతీయ ప్రాధాన్య జాబితాలో లేదు. ఫుట్‌బాల్ నుంచి అందులో ఉన్న పెద్ద పేరు ప్రపంచ కప్, అదీ ప్రారంభ మ్యాచ్, క్వార్టర్ ఫైనల్స్, సెమీస్, ఫైనల్.

వారానికి ఒక్క ఐఎస్ఎల్ మ్యాచ్, శనివారం రాత్రి, తెలుగు వ్యాఖ్యానంతో ఫ్రీ డిష్‌లో వేస్తే లీగ్‌కు పోయేది చాలా తక్కువ. జూలూరుపాడు నుంచి చందా రూపంలో వచ్చే డబ్బు ఎలాగూ పెద్దగా లేదు. రానిదాన్ని పోగొట్టుకున్నట్టు కాదు కదా. 2018 నుంచి మూడు సీజన్ల పాటు స్పెయిన్ లీగ్ భారత ఉపఖండంలో ఫేస్‌బుక్‌లో పూర్తిగా ఉచితంగా వచ్చింది. డబ్బున్న, ప్రపంచమంతా తెలిసిన లీగే మన దగ్గర మొదట ముఫ్త్‌గా పరిచయం చేసుకుంది. మన లీగ్‌కు ఎందుకంత బెట్టు?

బెట్టు చేసే స్థితి కూడా ఇప్పుడు లేదు. సమాఖ్యకు, లీగ్ నడిపే సంస్థకు మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల, 700 కోట్ల ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగిసింది. కొత్త భాగస్వామి కోసం టెండర్ పిలిస్తే నవంబర్‌లో గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు. సీజన్ నెలల తరబడి ఆగి, చివరికి 14 జట్లతో కుదించి 2026 ఫిబ్రవరి 14కు పెట్టారు. ఆ 14లో హైదరాబాద్ పేరు లేదు. 2024లో జిందాల్ గ్రూపు చేతికి వెళ్లిన జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు గెలిచిన నాలుగేళ్లు కూడా పూర్తి కాలేదు.

జట్టు వెళ్లిపోయిన కొద్ది వారాలకే, 2025 డిసెంబర్ 13న, ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి మెస్సీ వచ్చాడు. వేల రూపాయలు పెట్టి టికెట్లు కొన్నారు జనం. ముఖ్యమంత్రి కూడా బూట్లు వేసుకుని దిగారు. ఫుట్‌బాల్ మీద షౌఖ్ లేని ఊరు కాదిది.

నగరంలో ఇంకా శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది. రెండో స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఆ సంగతి తెలిసిన ఇళ్లు ఎన్ని ఉంటాయో.

ఇక జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికోలలో ప్రపంచ కప్ మొదలవుతుంది. మొరాకో ఈసారి కూడా ఉంది. హక్కులు ఎవరి దగ్గర ఉన్నా, ఏ యాప్ ఎంత అడిగినా, చట్టం ప్రకారం ప్రారంభ మ్యాచ్, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ డీడీకి రావాలి. 2022లో అలాగే వచ్చాయి. ఫైనల్ మన టైము ప్రకారం జూలై 19 అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు. కేబుల్‌లో రాదు. ఫ్రీ డిష్ బాక్సు ఇంటి మూలన పడి ఉంటే వానలు మొదలయ్యేలోపు డిష్ తిప్పి సిగ్నల్ చూసుకోవాలి.